ప్రార్థన చీటీలో రాయని పేరు

ఇది రాద్దామని కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. బాల్కనీ పక్కనున్న చిన్న గదిలో ఏదైనా గీరిన చప్పుడైతే చాలు, కుర్చీ వెనక్కి నెట్టి పరుగెత్తడం అలవాటైపోయింది. వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. మా పిల్లి కిటికీ దగ్గర కూర్చుని, ఈవిడ గోలేంటన్నట్టు నావంక చూస్తుంది. మళ్లీ వచ్చి కూర్చుంటాను. రెండు వాక్యాలు రాస్తాను. మళ్లీ చెవులు అటే పోతాయి.

గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే మనసు కాస్త కుదుటపడుతుందేమోనని ఒక ఆశ. ఇంకో సంగతి కూడా ఉంది. మగపిల్లిని పెంచుకునేవాళ్లు ఎవరైనా దీన్ని చదివితే, నేను వృథా చేసిన రెండు రోజులు వాళ్లు వృథా చేయకూడదు.

నేను మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. పద్నాలుగేళ్లుగా ఇదే పని. మాది పశ్చిమ గోదావరి. మా ఆయన ప్రభాకర్ బిల్డింగ్ సామాన్ల కంపెనీలో స్టోర్‌కీపర్. పిల్లల్లేరు. మస్కట్ శివార్లలో, కొండల అవతల అల్ అమెరాత్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాం. నాలుగేళ్ల కిందట గోడౌన్‌లో సిమెంటు బస్తాల సందున దొరికిన ఒక నల్ల పిల్లికూనను ఆయన చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. 'కాకి' అని పేరు పెట్టారు. పిల్లికి కాకి పేరేంటండీ అంటే, "దాని గొంతు విన్నావా?" అన్నారు. అదే ఖాయమైంది.

ఏప్రిల్

కంపెనీ షినాస్‌లో కొత్త స్టోర్ తెరిచి ఈయన్ని అక్కడికి వేసింది. కారులో మూడు గంటల దారి. నెలకోసారి ఇంటికి రావడం కుదురుతుందన్నారు. ఎవరైనా అడిగితే "ఏముంది, సముద్రం పక్కన హాయిగా ఉంటారు" అని నవ్వేశాను. ఆయన కూడా నవ్వుతూనే వెళ్లారు. గల్ఫ్‌లో ఉన్నాక బదిలీలకు ఏడిస్తే ఎలా అని ఇద్దరం గట్టివాళ్లలా నటించాం.

మూడో వారంలో కాకి, చిన్న గదిలో మూత్రానికని పెట్టిన గుళికల పెట్టెలోకి వెళ్లడం, కూర్చోవడం, లేవడం, మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. కూర్చున్నప్పుడు మెల్లగా మూలిగేది. నేనేం అనుకున్నానో తెలుసా? వేడి చేసిందనుకున్నాను! మా ఇళ్లలో ఎవరికి మూత్రం మంటగా ఉన్నా ఒకటే మాట, వేడి చేసింది, మజ్జిగ తాగు. ఎండలు ముదురుతున్నాయి కదా, పిల్లికీ అంతే అయ్యుంటుందని పలచటి మజ్జిగ గిన్నెలో పోసి పెట్టి డ్యూటీకి పోయాను. మర్నాడు కూడా అదే చేశాను. పెట్టె పొడిగా ఉంటే శుభ్రంగా ఉందనుకున్నాను. వార్డులో నా సగం పని ఎవరికి మూత్రం వచ్చింది, ఎవరికి రాలేదు అని కనిపెట్టుకుని ఉండటమే. మంచం మంచానికీ వెళ్లి హిందీలో, అరబ్బీలో, మలయాళంలో అదే అడుగుతాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారే, అది నా గురించే.

రెండో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కాకి బాత్రూమ్ గచ్చు మీద పక్కకి పడుకుని ఉంది. పిలిస్తే తల ఎత్తలేదు. పొట్ట మీద చెయ్యి వేశాను. నిమ్మకాయంత గట్టి ముద్ద ఏదో తగిలింది. అది మూత్రాశయమని నా చేతికి వెంటనే తెలిసింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

బట్టల బుట్టలో తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టుకుని రోడ్డు మీదికొచ్చాను. మొదటి టాక్సీ బుట్ట చూసి ఆగకుండా పోయింది. రెండో దాన్లో తెల్లగడ్డం ఒమానీ పెద్దాయన. "పిల్లి, చాలా సీరియస్" అన్నాను. "మాఫీ ముష్కిల్" అని, ఏం ఫర్వాలేదన్నట్టు వెనక తలుపు తీశాడు. కొండ దారి మలుపుల్లో బుట్ట కదలకుండా ఎంత నెమ్మదిగా తోలాడంటే, వెనక బళ్లన్నీ హారన్లు కొట్టాయి. ఆయన వాటిని పట్టించుకోలేదు. నేను మాత్రం, పోనీయవయ్యా తొందరగా అని లోపల్లోపల తిట్టుకున్నాను. అది మర్యాదని తర్వాతగానీ నాకు తోచలేదు.

క్లినిక్‌లో మా ముందు ఒకావిడ గులాబీరంగు పెట్టెలో బొచ్చు పిల్లితో కూర్చుని ఉంది. ఒమానీ ఆవిడ. బుట్టలోకి తొంగిచూసి "మగదా?" అని ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి, తనది టీకాయేనని, ముందు మమ్మల్ని పంపమని చెప్పింది. వెనక్కి వచ్చి, "పోయినేడు నాది ఒకటి ఇలాగే పోయింది" అంది. ఆమెకు థాంక్స్ కూడా చెప్పకుండా లోపలికి పరుగెత్తాను.

డాక్టర్ ఈజిప్టావిడ. మగపిల్లులకు మూత్రం దారి సన్నం, అందుకే ఇట్టే మూసుకుపోతుందని చెప్పి, గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రోజులు అక్కడే ఉంచారు. రాళ్లు లేవు, ఇన్ఫెక్షన్ లేదు, స్కానింగ్‌లో ఏమీ లేదు. "కారణం తెలియదు" అన్నారామె. "కొన్ని పిల్లులకు ఇంట్లో మార్పులొస్తే ఇలా అవుతుంది. ఈమధ్య మీ ఇంట్లో ఏమైనా మారిందా?"

"ఏమీ లేదు" అన్నాను.

కారణం తెలియదన్న మాట వార్డులో మేము బంధువులకు వందసార్లు చెబుతాం. చెప్పి ముందుకు పోతాం. ఆ మాట విన్నవాడు ఇంటికెళ్లి ఏం చేస్తాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఏం చేస్తాడో నేను చెప్తాను. ఇంట్లో ప్రతి వస్తువునీ అనుమానిస్తాడు. నేను గచ్చు తుడిచే మందు మార్చాను, నీళ్ల గిన్నె మార్చాను, మంచం జరిపాను, మళ్లీ వెనక్కి జరిపాను. డ్యూటీలో ఉండగా ఇల్లు గుర్తొచ్చి కాళ్లు నిలిచేవి కావు. ఇంట్లో ఉంటే పెట్టె చుట్టూ తిరిగేదాన్ని.

మే

నెల తిరక్కుండా రెండోసారి మూత్రం ఆగిపోయింది. ఈసారి నాలుగు గంటల్లోనే కనిపెట్టి తీసుకెళ్లాను. అది క్లినిక్‌లో ఉండగానే శుక్రవారం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా తెలుగువాళ్ల ప్రార్థన కూడిక ఎస్తేరమ్మ ఆంటీ ఇంట్లో జరుగుతుంది. ఆంటీ మాకంటే ముందు ఈ దేశం వచ్చిన నర్సు. రిటైర్మెంట్‌కి దగ్గరపడింది. ఎవరికి ఏ అక్కర ఉన్నా చీటీ మీద రాసి బుట్టలో వేస్తే, ఆంటీ చదివి అందరిచేతా ప్రార్థన చేయిస్తుంది. చీటీల్లో వీసాలు, పరీక్షలు, గర్భసంచి ఆపరేషన్లు, తాగుడు మానని తమ్ముళ్లు ఉంటారు. వాటి మధ్య పిల్లి అని ఎలా రాయను? నవ్వుతారు. పిల్లల్లేనిది పిల్లిని పట్టుకు వేలాడుతోందని జాలి కూడా పడతారు. నవ్వైతే భరిస్తాను, ఆ జాలి నావల్ల కాదు. ఇలా రాశాను: "మా ఇంట్లో ఒకరికి మూత్రం రావడం లేదు. ప్రార్థించండి. రత్నకుమారి."

ఆంటీ పైకి చదివింది. గదిలో ఉన్న ఇరవై మందీ ఒక్కసారి నా పక్కనున్న ఖాళీ కుర్చీవైపు చూశారు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే కదా! నేను ఎదురుగా బాగానే కూర్చున్నాను. ఇక మిగిలింది ఎవరు?

"అయ్యో, ప్రభాకర్‌కా! చెప్పవేంటే తల్లీ" అంది ఆంటీ.

అప్పుడైనా చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను. నా భుజం మీద ముగ్గురు చేతులు వేశారు. ఆంటీ కళ్లనీళ్లతో ప్రార్థన చేసి, ప్రభాకర్‌కి బాగయ్యేదాకా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటానని అందరి ముందూ మొక్కుకుంది. ఆవిడకి షుగర్.

మర్నాడు షినాస్ నుంచి ఫోన్.

"రత్నా, ఏం చెప్పావు నువ్వు వాళ్లకి? పొద్దున్నుంచీ తొమ్మిది మంది చేశారు. ఒకాయన బార్లీ నీళ్లు తాగమంటాడు. ఒకాయన ప్రోస్టేట్ చూపించుకోమంటాడు. స్టోర్‌లో అందరి ముందూ స్పీకర్లో మోగింది!"

జరిగింది చెప్పాను.

"పిల్లికి జబ్బు చేస్తే నా పరువెందుకు తీస్తావ్?"

"వచ్చే శుక్రవారం నిజం చెప్పేస్తానండీ."

వచ్చే శుక్రవారం చెప్పలేదు. ఆ పై శుక్రవారమూ చెప్పలేదు. ఆంటీ నీరసంగా గోడకి ఆనుకుని కూర్చుని, "ప్రభాకర్‌కి ఎలా ఉందమ్మా?" అని అడిగేది. "కొంచెం ఫర్వాలేదు ఆంటీ" అనేదాన్ని. ఆరోజు కాకి ఎలా ఉంటే అదే చెప్పేదాన్ని. నాలుగుసార్లు పోసిన రోజు "చాలా నయం" అన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టింది.

జూన్

జూన్‌లో ఈయన ఒకసారి ఇంటికొచ్చారు. కూడికకి మాత్రం రానన్నారు. "ఏం మొహం పెట్టుకుని రమ్మంటావ్?" అన్నారు. ఆ ఒక్కరోజులో మేమిద్దరం మాట్లాడుకున్నవి పది మాటలుంటాయేమో. కాకి ఆయన పొట్ట మీద ఎక్కి పడుకుంది. ఇద్దరూ టీవీ చూశారు. నేను వంటగదిలో గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను.

మా పక్క స్థలంలో మూడంతస్తుల బిల్డింగ్ లేస్తోంది. ఎండ వేళ మధ్యాహ్నం సైట్‌లో పని ఆపేస్తారు. అప్పుడు మేస్త్రీలు మా గోడ నీడలో పడుకుంటారు. ఒకరోజు నేను కాకి పెట్టెలోని గుళికలు పారబోస్తుంటే, వాళ్లలో ఒకతను లేచి వచ్చాడు. పేరు గంగారాం. జగిత్యాల వైపు మనిషి.

"అక్కా, తెలుగోళ్లేనా? గీ రాళ్లేంది?"

పిల్లి పెట్టెలో పోసే గుళికలని చెప్పాను. దానికి గొట్టం వేశారని, లోపలంతా పుండయిందని ఎందుకో అతనికి మొత్తం చెప్పేశాను. కూడికలో చెప్పలేనిది ముక్కూ మొహం తెలియని మనిషికి గోడ నీడలో చెప్పేశాను.

"పుండు మీద గివి గుచ్చవా అక్కా? మా దిక్కు పిల్లులు ఇసుకల్నే పోస్తయి. గోడ పలాస్త్రికి సన్నిసుక జల్లెడ పడ్తం గద. గండ్లకెల్లి ఒక బకిట తెచ్చిస్త, ఆగు."

తెచ్చాడు. మెత్తగా పిండిలా జల్లించి, మూడుసార్లు కడిగి ఆరబెట్టిన ఇసుక. కాకి వాసన చూసి, తవ్వి, అటూ ఇటూ నాలుగు చుట్లు తిరిగి కూర్చుంది. ఆరోజు నుంచి గంగారాం పరంజా మీంచి నన్ను చూస్తే చాలు, వీధి అదిరేటట్టు అరిచేవాడు: "అక్కా! పోసిందా?" నేను కింద నుంచి "పోసింది!" అని అరవాలి. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు. నేను నిజం చెప్పిన చోటు అదొక్కటే.

మూడు వారాలు బాగుంది. ఇసుక వల్లనో మందు వల్లనో ఆయన రావడం వల్లనో చెప్పలేను. బాగున్నన్ని రోజులూ కూడా నాకు శాంతి లేదు. బాగాలేనప్పుడు చెయ్యాల్సిన పని ఉంటుంది. బాగున్నప్పుడు ఎదురుచూడటమే.

జులై

రెండో వారంలో మూడోసారి ఆగింది. ఈసారి మూత్రంలో రక్తం పడింది. డాక్టర్ నన్ను కూర్చోమన్నారు. గొట్టం ఇంకెన్నిసార్లు వేసినా ఇంతేనన్నారు. దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఒకటి ఉంది. దాని తర్వాత కూడా తిరగబెట్టదని హామీ లేదు. లేదంటే నొప్పి తెలియకుండా పంపించేయొచ్చు. మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడి సాయంత్రంలోగా చెప్పండి అన్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. పంపించేద్దామనే అనుకున్నాను. దాని బాధ చూడలేక అని పైకి చెప్పొచ్చు. అసలు సంగతి, నేను అలసిపోయాను. ఈ పరుగులు, ఈ చెవులొగ్గి వినడం, ఈ అబద్ధం, అన్నీ ఒక్కసారే అయిపోతాయనిపించింది. ఆయనకి ఫోన్ చేసి అలాగే చెప్పాను.

"నేను వచ్చేదాకా ఏమీ చెయ్యనీకు" అన్నారు.

మూడు గంటల దారి రెండున్నర గంటల్లో వచ్చారు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము. మళ్లీ డాక్టర్ గదిలో ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఫైలు తిప్పుతూ పాత ప్రశ్నే అడిగారు. "ఇది మొదలైనప్పుడు ఇంట్లో ఏమీ మారలేదన్నారు కదా?"

"ఏమీ లేదు" అన్నాను అలవాటుగా.

"ఉంది" అన్నారు ఆయన. "ఏప్రిల్ నుంచి నేను ఇంట్లో ఉండటం లేదు."

డాక్టర్ మా ఇద్దరి మొహాలూ చూశారు. "అదే కారణమని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎవరడిగినా ఏమీ లేదు, ఏమీ లేదు అంటూనే వచ్చాను. ఆయన లేని ఇల్లు నాకు బొత్తిగా పట్టడం లేదని ఆయనకే చెప్పలేదు. ఆ గదిలో డాక్టర్ ముందే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, అలాంటివి ఆయనకి రావు. "ఆపరేషన్ చేయిద్దాం రత్నా. ఒక్కసారి చూద్దాం. తర్వాత నువ్వెలా అంటే అలా" అన్నారు. కాగితం మీద ఆయనే సంతకం పెట్టారు. బయట ఆ నీలంరంగు కుర్చీల్లో రెండు గంటలు కూర్చున్నాం. ఆయన లేచి నడిచారు, కూర్చున్నారు, గోడ మీద కుక్కల బొమ్మల కింది రాతలన్నీ చదివారు. నేనూ అంతే. నర్సులు లోపలుండటం వేరు, బయటుండటం వేరు.

కాకి బతికింది. మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టి పంపించారు. ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టి కింద చాప వేసుకుని దాని పక్కనే పడుకున్నారు. తిరిగి వెళ్లేముందు, "ఉన్నది చెప్పేద్దాం. నేనూ వస్తాను" అన్నారు.

ఆగస్టు

మొదటి శుక్రవారం కూడికకి ఇద్దరం వెళ్లాం. ఆయన గుమ్మంలో కనపడగానే గది గదంతా లేచి నిలబడింది. మాలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన ఫలిస్తే ఆ మనిషి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. పాట అవ్వగానే ఎస్తేరమ్మ ఆంటీ, "ఇప్పుడు మన ప్రభాకర్ తమ్ముడు సాక్ష్యం చెబుతాడు" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. చిక్కిపోయిన మొహం.

ఆయన లేవబోయారు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, లేచాను.

"జబ్బు చేసింది ఈయనకి కాదు" అన్నాను. "మా పిల్లికి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. మిగతాదంతా చెప్పాను. సిగ్గుపడి పేరు రాయలేదని, మీరంతా ఈయనేననుకుంటే ఊరుకున్నానని, పదకొండు శుక్రవారాలు ఆంటీని పస్తు పెట్టానని. ఆంటీ నావంక చూడలేదు. కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు.

అప్పుడు మా ఆయన కూర్చునే అన్నారు. "తప్పు ఇద్దరిదీనండీ. నేను కూడా ఫోన్లు ఎత్తి, బాగానే ఉందండీ అన్నాను. మొదట్లో కోపమొచ్చింది. తర్వాత్తర్వాత, ఎవరూ చెయ్యని రోజు ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి. అక్కడ నాకు తెలుగు వినపడేది మీ ఫోన్లలోనే."

ఆంటీ ముగింపు ప్రార్థన క్లుప్తంగా చేసేసింది. టీలు ఇస్తున్నప్పుడు నా దగ్గరికి రాలేదు. ఇక ఈ ఇంటికి రావడం ఇదే ఆఖరనుకుని చెప్పులు వేసుకుంటుంటే, వెనక నుంచి గొంతు వినపడింది.

"ఉందా ఇప్పుడింట్లో?"

"ఎవరాంటీ?"

"అదే. పదకొండు వారాలు ఎవరికోసం కడుపు మాడ్చుకున్నానో నేను చూడాలా వద్దా? పద."

కారులో ఆంటీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా బిల్డింగ్‌కి లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగి, రెండంతస్తులు ఎక్కింది. తలుపు తీయగానే కాకి కొత్త మనిషిని చూసి మంచం కింద దూరింది. ఆంటీ గరాటు అంచు, నల్లటి తోక మాత్రమే చూడగలిగింది. "నల్లదా! ఇంకేం" అని కుర్చీలో కూలబడింది. మంచినీళ్లిచ్చాను. తాగలేదు. నేను మళ్లీ క్షమించమనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

తర్వాత కాకి మెల్లగా బయటికి వచ్చింది. మమ్మల్ని దాటుకుని, గరాటు గుమ్మానికి కొట్టుకుంటూ చిన్న గదిలోకి వెళ్లింది. తవ్వుతున్న చప్పుడు. నేను లేచి నిలబడ్డాను. ఆయనా లేచారు. ఎప్పుడు లేచిందో, ఆంటీ అప్పటికే గుమ్మం పట్టుకుని, చెవి లోపలికి పెట్టి నిలబడి ఉంది. నలభై ఏళ్లు వార్డుల్లో ఎన్ని వేలమంది పక్కన ఇలా నిలబడిందో. ఫ్యాను ఆపమన్నట్టు వేలు చూపించింది. ఆపాను.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా, ఆగకుండా, చాలాసేపు ధార పడిన చప్పుడు.

"స్తోత్రం" అంది ఆంటీ, కళ్లు మూసుకుని.